కాలిన కెథడ్రల్ మరల నిలిచిన విధం

క్రీ.శ. 1163వ సంవత్సరంలో కాకతీయ రుద్రదేవుడు అనుమకొండలో శివునికి, విష్ణువుకు, సూర్యునికి కలిపి ఒక త్రికూటాలయం కట్టించి, తన విజయాలను చెప్పే శాసనాన్ని అక్కడ నిలిపాడు. మనం వేయిస్తంభాల గుడి అని పిలుచుకొనేది ఆ ఆలయాన్నే. ఆ శాసనంలో ఓడినవాడుగా కనిపించే మేడరాజు మన జగిత్యాల చెంతనున్న పొలాసకు చెందిన పాలకుడని చరిత్రకారులు గుర్తించారు. కనుక ఆ రాయికి మన జిల్లాలతో చుట్టరికం ఉన్నది.

అదే 1163లో, ఇక్కడికి వేల మైళ్ల దూరాన, ఫ్రాన్సు దేశపు పారిస్ నగరంలో, సేన్ నది నడుమనున్న లంకపై మోరిస్ ద సుల్లి అనే బిషప్పు ఒక మహా దేవాలయానికి పునాది వేయించాడని చరిత్ర గ్రంథాలు చెబుతున్నాయి. అది నోత్రదామ్ కెథడ్రల్. నోత్రదామ్ అనగా ఫ్రెంచి భాషలో 'మన అమ్మ', అనగా మరియమాత అని అర్థం.

ఈ రెండు కట్టడాలకు ఒకదాని సంగతి మరొకదానికి తెలియదు. మతం వేరు, రాయి వేరు, పనితనం వేరు. అయినా రెండూ ఒకే ఏట చరిత్రలోకి వచ్చాయి. రెండూ మన కాలంలో గాయపడ్డాయి. రెండూ 2024లోనే మరల నిలిచాయి. హనుమకొండ కల్యాణమండపాన్ని నేల క్రుంగటం దెబ్బతీసింది. పారిస్ దేవాలయాన్ని నిప్పు దహించింది. ఈ వ్యాసంలో మేము ముఖ్యంగా రెండవ కథను వివరించి, చివరకు మన ఊరికి తిరిగి వస్తాము. కాలిపోయిన కట్టడాన్ని మరల నిలబెట్టడానికి ఏమి కావాలి? ధనమా, యంత్రాలా, మరేదైనానా? ఇదే మా ప్రశ్న.

కెథడ్రల్ అనగా నేమి?

క్రైస్తవ సంఘంలో ఒక ప్రాంతానికి పెద్దగా ఉండే బిషప్పు ఆసనం ఏ దేవాలయంలో ఉంటుందో దానిని కెథడ్రల్ అంటారు. ఆసనమనే అర్థం గల గ్రీకు పదం నుండి ఈ పేరు వచ్చింది. కనుక ప్రతి పెద్ద చర్చీ కెథడ్రల్ కాదు. మన ప్రాంతపు క్యాథలిక్కులకు వరంగల్ మేత్రాసనపు కెథడ్రల్ కాజీపేట వద్ద ఫాతిమానగర్‌లో ఉన్నది.

పారిస్ కట్టడపు రూపం ఊహకు రావాలంటే మన విద్యార్థులు మెదక్ చర్చిని తలచుకొనవచ్చును. అది క్యాథలిక్ సంఘానిది కాదు, దక్షిణ ఇండియా సంఘానికి చెందినది. అయితే దాని నిర్మాణం కూడ గోథిక్ పద్ధతిలోనిదే. ఛార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ ఆధ్వర్యంలో 1914లో ప్రారంభమై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. కొనదేరిన కమాన్లు, రంగుటద్దాల కిటికీలు, సుమారు 175 అడుగుల గోపురం చూచినవారికి గోథిక్ అనే మాటను వేరుగా వివరింప నక్కరలేదు.

నోత్రదామ్ పొడవు సుమారు 128 మీటర్లు. లోపలి కమాను కప్పు నేల నుండి 33 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఇంత ఎత్తున రాతి కప్పు ఎట్లా నిలుస్తుంది? రాతి కమాను క్రిందికే గాక ప్రక్కలకు కూడ త్రోస్తుంది. ఆ త్రోపుకు గోడలు బయటికి ఒరిగిపోకుండా, గోడల వెలుపల రాతి ఊత కమాన్లు కట్టారు. పల్లెలో ఒరిగిన మట్టిగోడకు బయటినుండి వాసం ఆనించి నిలుపుతాము గదా! సూత్రం అదే. అక్కడ వాసానికి బదులు రాయి. ఆ దేవాలయానికి అటువంటి ఊత కమాన్లు 28 ఉన్నాయి.

ఇంకొక సంగతి మనసున ఉంచుకొనాలి. దానికి రెండు కప్పులున్నాయి. లోపల నిలబడి తల ఎత్తితే కనిపించేది రాతి కప్పు. దానిపైన, కంటికి కనబడకుండా, ఓక్ దూలాలతో అల్లిన కర్ర కప్పు, ఆ కర్రపై సీసపు రేకులు. వందల చెట్ల కలపతో అల్లిన ఆ దూలాల గుంపును ఫ్రెంచివారు 'అడవి' అని ముద్దుగా పిలుచుకొనేవారు. వాటిలో అధికభాగం 12, 13 శతాబ్దాల నాటివి. ఆ 'అడవి'యే కాలిపోయింది.

అగ్నిప్రమాదం

2019 ఏప్రిల్ 15, సోమవారం. క్రైస్తవులకు అది ఈస్టరు ముందరి పవిత్ర వారం. సాయంకాలం 6 గంటల 20 నిమిషాల ప్రాంతంలో దేవాలయంలోని అగ్ని సూచిక మ్రోగింది. లోపల ప్రార్థన జరుగుతున్నది. కాని సూచిక చెప్పిన చోటు ఏదో సరిగా అర్థం కాక, వెతకవలసిన కప్పును విడిచి వేరొక కప్పును వెతికారు. సుమారు అరగంట గడచిపోయింది. అసలు చోటు తెలిసేసరికి మంట దూలాలను పట్టుకొన్నది. రాత్రి 8 గంటలకు కొద్దిగా ముందు, నడుమనున్న సూదివంటి శిఖరం విరిగి రాతి కప్పును చీల్చుకొని లోపల పడింది. నేల నుండి 96 మీటర్ల ఎత్తున నిలిచిన శిఖరమది. నది గట్టున నిలబడి చూస్తున్న జనం మోకరిల్లి ప్రార్థనలు పాడసాగారు.

నాలుగు వందలకు పైగా అగ్నిమాపక సిబ్బంది రాత్రంతా పోరాడారు. మంట ఉత్తరపు గోపురాన్ని తాకింది. అందులో గంటలు వ్రేలాడే కర్ర చట్రం కాలితే గంటలు పడేవి, గంటలు పడితే గోపురం పోయేది, ఒక గోపురం పోతే రెండవది నిలిచేది కాదు. ప్రాణాలకు తెగించి కొందరు ఆ గోపురం మెట్లెక్కి లోపలినుండి నీరు కొట్టి దానిని కాపాడారు. మరికొందరు లోపలినుండి పవిత్ర వస్తువులను బయటికి చేర్చారు. క్రీస్తు ముళ్లకిరీటమని క్యాథలిక్కులు భక్తితో చూచుకొనేది వాటిలో ముఖ్యమైనది. ఎవరి ప్రాణమూ పోలేదు.

తెల్లవారి చూస్తే కర్ర కప్పు అంతా పోయింది. రాతి కప్పు మూడు చోట్ల కూలింది. కాని అధికభాగం నిలిచింది. మూడు పెద్ద గులాబీ కిటికీలు, సుమారు 8,000 గొట్టాల ఆర్గన్ వాద్యం, రెండు గోపురాలు దక్కాయి. శిఖరం చుట్టూ ఉండవలసిన 16 రాగి విగ్రహాలను బాగుచేయటానికై సరిగా నాలుగు రోజుల ముందే దింపి తీసుకొనిపోయారు. అందుచేత అవి కూడ మిగిలాయి. విద్యుత్తు లోపమో, ఆర్పని సిగరెట్టో కారణం కావచ్చునని విచారణాధికారులు చెప్పారు గాని, నిశ్చయమైన కారణమేదీ తేలలేదు.

మొదటి పని పడిపోకుండా చూచుట

అయిదేండ్లలో మరల కట్టుదుమని దేశాధ్యక్షుడు మాక్రాన్ ప్రకటించారు. పదవీ విరమణ చేసిన సైన్యాధిపతి జాన్ లూయీ జోర్జలాన్‌కు పర్యవేక్షణ అప్పగించారు. ఫిలిప్ విల్‌నవ్ ప్రధాన వాస్తుశిల్పి.

ప్రజలు ఎప్పుడు కట్టటం మొదలగునా అని ఎదురుచూశారు. కాని మొదటి రెండేండ్లకు పైగా కట్టటం అనేది దాదాపు లేదు. ఆ కాలమంతా కట్టడం పడిపోకుండా నిలుపుటకే సరిపోయింది. ఇది మన విద్యార్థులు శ్రద్ధగా గ్రహించవలసిన పాఠం.

ఏలననగా, పై కప్పు బరువు పోగానే కట్టడంలోని త్రాసు చెడిపోయింది. గోడలను లోపలికి నెట్టే ఊత కమాన్లు అట్లే ఉన్నాయి. గోడలను బయటికి నెట్టే రాతి కప్పు కొంత కూలింది. కనుక 28 ఊత కమాన్ల క్రిందా కర్ర చట్రాలు అమర్చి, వాటి బరువును పట్టుకొన్నారు. ఒక్కొక్క చట్రం ఆ కమాను కొలతకే చేయవలసి వచ్చింది.

ఇంకొక ముప్పు పరంజా. ప్రమాదానికి ముందే శిఖరం మరమ్మతు జరుగుతున్నందున, దాని చుట్టూ సుమారు 40,000 ఇనుప గొట్టాలతో పరంజా కట్టి ఉన్నది. నిప్పు వేడికి ఆ గొట్టాలు కరిగి ఒకదానికొకటి అతుక్కొన్నాయి. అది జారిపడితే మిగిలిన రాతి కప్పు కూడ కూలుతుంది. పనివారు తాళ్లకు వ్రేలాడుతూ ఆ గొట్టాలను ఒక్కొక్కటిగా కోశారు. 2020 జూన్‌లో మొదలైన ఆ కోత నవంబరుకు ముగిసింది.

మూడవది సీసం. కప్పునుండి, శిఖరంనుండి వందల టన్నుల సీసం కరిగి, దాని ధూళి అంతటా పడింది. సీసం విషం. పనివారు లోపలికి పోవునపుడు బట్టలు మార్చి, వచ్చునపుడు స్నానం చేసి బయటికి రావలెను. ఈ కారణంచేత 2019 వేసవిలో కొన్ని వారాలు పని ఆగింది. తరువాత 2020 మార్చిలో కోవిడ్ వలన మరల ఆగింది. కట్టడం ఇక పడిపోదు అని నిశ్చయంగా చెప్పగలిగినది 2021 సెప్టెంబరులో.

పాత రూపమా? కొత్త రూపమా?

ఈ లోపల దేశంలో గొప్ప వాదం చెలరేగింది. కాలిపోయినదానిని ఉన్నది ఉన్నట్లు కట్టవలెనా, లేక మన కాలపు గుర్తుగా కొత్త శిఖరం పెట్టవలెనా? ప్రమాదమైన రెండు దినాలకే ప్రధానమంత్రి కొత్త శిఖరపు నమూనాకై అంతర్జాతీయ పోటీ పెడుదుమన్నారు. గాజు శిఖరం, కప్పుపై తోట మొదలైన చిత్రాలు పత్రికలలో వచ్చాయి.

రెండు పక్షాలకూ బలమున్నది. కొత్తదనం కోరినవారు, 'కూలిన ఆ శిఖరం మాత్రం పాతదా?' అని అడిగారు. నిజమే. 13వ శతాబ్దపు శిఖరాన్ని శిథిలమైనదని 18వ శతాబ్దం చివర విప్పివేశారు. 2019లో కూలినది వియొలె లె ద్యూక్ అనే శిల్పి 1859లో ముగించినది. విక్టర్ హ్యూగో 1831లో వ్రాసిన నవల వలన ప్రజలకు ఆ శిథిల దేవాలయంపై ప్రేమ కలిగి, మరమ్మతు మొదలయినపుడు వెలసినదది. ప్రతి కాలమూ తన ముద్ర వేసినపుడు మా కాలమెందుకు వేయరాదు అని వారి వాదన.

రెండవ పక్షం వారు 1964 నాటి వెనిస్ ఒడంబడికను గుర్తుచేశారు. ప్రాచీన కట్టడాల రక్షణకు ప్రపంచ నిపుణులు వ్రాసుకొన్న నియమావళి అది. ఊహ మొదలయ్యే చోట పునరుద్ధరణ ఆగిపోవలెనన్నది దాని ముఖ్య సూత్రం. అనగా, ఆధారమున్నంత మేరకే కట్టు, ఊహించి కట్టకు అని. చివరకు 2020 జూలైలో దేశ వారసత్వ సంఘం పాత రూపాన్నే, పాత పదార్థంతోనే కట్టవలెనని తీర్పు చెప్పింది. అధ్యక్షుడూ అంగీకరించారు.

ఇక్కడ మేము ఒక మాట చెప్పదలచితిమి. ఈ వాదంలో ఎవరు గెలిచారన్నది ముఖ్యం కాదు. పాత రూపంలో కట్టుదుము అనే మాట అనగలగటానికే ఒక అర్హత కావలెను. ఆ పాత రూపం ఏదో ఎవరైనా వ్రాసి ఉంచి ఉండవలెను. కాలి బూడిదైన దూలాన్ని కొలవలేము గదా!

కొలిచి ఉంచినవారు

నోత్రదామ్ పుణ్యమేమనగా, దానిని ఆపద రాకముందే కొలిచినవారున్నారు.

ఆండ్రూ టాలన్ అనే అమెరికా అధ్యాపకుడు 2010లో లేసర్ కిరణాల యంత్రంతో ఆ దేవాలయాన్ని లోపలా వెలుపలా కొలిచాడు. కిరణం వెళ్లి తాకి వచ్చిన ప్రతి బిందువూ ఒక కొలత. అట్లా వంద కోట్లకు పైగా బిందువులు పోగుచేశాడు. ఆయన ఉద్దేశం వేరు. మధ్యయుగపు మేస్త్రీలు ఎట్లా ఆలోచించారో, గోడలు ఎక్కడ ఒరిగాయో తెలుసుకొందామని ఆయన చేసిన చదువు అది. 2018 నవంబరులో ఆయన మరణించాడు. అయిదు నెలలకు అగ్నిప్రమాదం జరిగింది. తన కొలతలు దేనికి అక్కరకు వచ్చాయో ఆయన చూడలేదు.

2014లో రెమి ఫ్రొమాన్, సెద్రిక్ ట్రాన్‌తెసో అనే ఇద్దరు వాస్తుశిల్పులు ఆ చీకటి కప్పులోకి ఎక్కి, కర్ర దూలాలను ఒక్కొక్కటిగా చేతితో కొలిచి పటాలు గీశారు. ఏ దూలం ఎంత పొడవు, ఎక్కడ అతుకు, ఏ వంపు, వడ్రంగి ఏ గుర్తు చెక్కాడు అనేవి ఆ పటాలలో ఉన్నాయి. అప్పుడు ఎవరూ దానిని గొప్పగా చెప్పుకొనలేదు. అయిదేండ్లకు ఆ పటాలే ఆ 'అడవి'కి మిగిలిన ప్రాణమయ్యాయి.

దాతలు సుమారు 150 దేశాలనుండి 3,40,000 మంది. వారిచ్చిన ధనం 84 కోట్ల 60 లక్షల యూరోలు. వాగ్దానాలు కొద్ది దినాలలోనే వచ్చిపడ్డాయి. కాని ఆ ధనమంతా కుమ్మరించినా 2019 ఏప్రిల్ 16న ఒక్క పాత దూలపు కొలతను కూడ కొనలేకపోయేవారు. ఆ కొలత అంతకుముందే కాగితంపై ఉండుటచేత గదా పని సాగింది!

చెట్లు, గొడ్డళ్లు, చేతులు

కొలత ఉన్నంతమాత్రాన దూలం తయారుకాదు. చెట్టు కావలెను. దానిని చెక్కే చేయి కావలెను.

కప్పుకు, శిఖరానికి కలిపి సుమారు 2,000 ఓక్ చెట్లు కావలసి వచ్చాయి. ఫ్రాన్సు నలుమూలల నుండి ప్రభుత్వ అడవులూ, ప్రైవేటు భూస్వాములూ చెట్లను దానంగా ఇచ్చారు. శిఖరపు పీఠానికి కావలసిన మహావృక్షాలు బెర్సే అడవి నుండి వచ్చాయి. చెట్టులో రసం పైకెక్కకముందే, 2021 మార్చి లోపల మొదటి చెట్లను నరికారు. ఆ చెట్లను ఎన్నో ఏండ్ల క్రిందట ఎవరో పెంచారు. వారు ఈ దినం కోసమని పెంచలేదు. అయినా వారు పెంచినందుననే ఈ దినం దొరికాయి.

రంపపు మిల్లులో వేస్తే దూలాలు వారాలలో తయారయ్యేవి. కాని ప్రధాన కప్పు దూలాలను మధ్యయుగపు రీతినే, చేతిగొడ్డలితో చెక్కాలని నిర్ణయించారు. అందుకు కావలసిన వెడల్పు గొడ్డళ్లను కమ్మరివారు పాత పద్ధతిలో కొలిమిలో చేసి ఇచ్చారు. గొడ్డలి దుంగను పేడు వెంబడే చెక్కుతుంది. రంపం పేడును అడ్డంగా కోసివేస్తుంది. పేడు వెంబడి చెక్కిన దూలం బలంగా ఉంటుంది. దుంగ వంపును బట్టి దూలానికి దుంగను ఎంచుకొన్నారు. దీనిని మూఢమైన పాతదనమని అనుకోరాదు. ఇది శాస్త్రమే. మన వడ్రంగులకు తెలిసినదే.

ఆ గొడ్డలి పని తెలిసినవారు ఇరవయ్యొకటవ శతాబ్దపు ఫ్రాన్సులో ఎక్కడ దొరికారు? గెదలాన్ అనేచోట 1990లలో కొందరు పిచ్చివారివలె ఒక పని మొదలుపెట్టారు. మధ్యయుగపు పనిముట్లతోనే ఒక కొత్త కోటను కట్టటం. యంత్రం లేదు, సిమెంటు లేదు. 'ఇది ఎందుకు?' అని నవ్వినవారున్నారు. ఆ పనిలో చేయి తిరిగిన వడ్రంగులు కొందరు నోత్రదామ్ కప్పును చెక్కారు. మరచిపోకుండా ఉంచుకొన్న విద్య అక్కరకు వచ్చింది.

మొత్తం మీద సుమారు 2,000 మంది పనివారు, 250 సంస్థలు పాల్గొన్నాయి. గోడలపై శతాబ్దాల మసిని, సీసపు ధూళిని పొరవలె పట్టి లాగే పూత వేసి తీశారు. ఆర్గన్ గొట్టాలను విప్పి, తుడిచి, మరల అమర్చి, శ్రుతి చేశారు. రాళ్ల మధ్య బిగించిన ఇనుప కొంకులను పరీక్షించగా, 12వ శతాబ్దంలోనే ఇనుమును అంత ఎక్కువగా వాడిన పెద్ద గోథిక్ దేవాలయం ఇదని తెలిసింది. కాలినందున తెలిసిన చరిత్ర ఇది.

2023 ఆగస్టులో జనరల్ జోర్జలాన్ పర్వతారోహణలో మరణించారు. వడ్రంగులు ఆయన పేరును శిఖరపు కర్రపై చెక్కారు. ఫిలిప్ జోస్త్ ఆ బాధ్యతను స్వీకరించారు. 2023 డిసెంబరులో శిలువ, దానిపై కొత్త బంగారుపూత కోడిపుంజు శిఖరానికెక్కాయి. ఆ పుంజు బొమ్మలోపల, పనిచేసిన రెండు వేల మంది పేర్లు వ్రాసిన కాగితం ఉంచారు. రాజు పేరు శాసనంలో ఉంటుంది, మేస్త్రి పేరు ఎక్కడా ఉండదు. ఇక్కడ మేస్త్రి పేరు రాజుకన్న ఎత్తున నిలిచింది.

2024 డిసెంబరు 7న తలుపులు తెరిచారు. మరునాడు బలిపూజ జరిగింది. ఖర్చు సుమారు 70 కోట్ల యూరోలు. మిగిలిన ధనాన్ని వెలుపలి గోడల మరమ్మతుకు కేటాయించారు. 2025 సెప్టెంబరులో గోపురాలను కూడ సందర్శకులకు తెరిచారు. కొత్త కప్పులో ఒక్క విషయంలో మాత్రం పాతరీతిని విడిచారు. నీటి తుంపరను జల్లే గొట్టాలు, మంట ఒక భాగంనుండి మరొక భాగానికి ప్రాకకుండా అడ్డుగోడలు అమర్చారు. పాతదాన్ని గౌరవించటమంటే పాత ప్రమాదాన్ని కూడ ఉంచుకొనటం కాదని దీని భావం.

మన చెంతనున్న సాక్ష్యాలు

ఇది సంపన్న దేశపు కథ, మనకెందుకు అనేవారుండవచ్చును. మన చెంత జరిగినవి చూడండి.

హైదరాబాదు హైకోర్టు భవనం 2009 ఆగస్టు 31న అగ్నికి గురై, గ్రంథాలయంతో సహా కొంత భాగం కాలిపోయింది. మరల బాగుచేసుకొన్నాము. కుతుబ్ షాహీ సమాధుల వద్ద ఆగాఖాన్ సాంస్కృతిక సంస్థ 2013 నుండి పనిచేసి, ఇరవయ్యవ శతాబ్దంలో పూసిన సిమెంటును తొలగించి, గానుగ సున్నంతో పాత నగిషీని మరల తెచ్చింది. 2024 జూలైలో ఆ పని ముగింపు ఉత్సవం జరిగింది. సిమెంటు గట్టిదని మనం అనుకొంటాము. కాని అది రాతిలోని చెమ్మను బయటికి పోనీయదు. సున్నం పోనిస్తుంది. మన తాతల కాలపు మేస్త్రీలు ఈ సంగతి ఎరుగుదురు.

ఇక వేయిస్తంభాల గుడి ఎదుటనున్న కల్యాణమండపం. కాకతీయులు పునాదిలో ఇసుక నింపి, దానిపై రాయి పేర్చేవారు. శతాబ్దాల మీద ఆ పునాది క్రుంగి, స్తంభాలు ఒరిగినందున, 2006 ప్రాంతంలో పురావస్తు శాఖ ఆధ్వర్యాన మండపాన్ని రాయి రాయిగా విప్పారు. ప్రతి రాతికీ గుర్తు పెట్టారు. తరువాత పని ఏండ్ల తరబడి ఆగింది, సాగింది. గుడికి పోయినవారు ఆవరణలో పేర్చిన రాళ్లను చూచి నిట్టూర్చేవారు. చివరకు 2024 మార్చి 8న, మహాశివరాత్రి నాడు, 132 స్తంభాల మండపాన్ని మరల ప్రారంభించారు. పారిస్‌కు అయిదున్నర ఏండ్లు పట్టింది. మనకు సుమారు పదునెనిమిది ఏండ్లు పట్టింది. ఈ తేడాకు సిగ్గుపడవలసినది కొంత ఉన్నది. అయితే రాతిపై గుర్తు పెట్టి ఉంచినందుననే, ఎంత ఆలస్యమైనా రాయి తన చోటికి తాను చేరగలిగింది. ఆ గుర్తు లేకపోతే అది రాళ్ల గుట్టగానే మిగిలేది.

మన కర్తవ్యం

మాలో కొందరం ఒకసారి మన ప్రాంతపు ఒక గ్రామంలో పాత గడీని చూడబోయాము. టేకు దూలాల చావడి చాల అందంగా ఉంటుందని విని పోయాము. మేము పోయేసరికి అంతకు ముందరి వానాకాలంలోనే దాని కప్పు కూలింది. దూలాలను ఎవరో కొనుక్కొని పోయారు. ఎన్ని దూలాలుండేవని అడిగితే ఒకరు పన్నెండన్నారు, ఒకరు పదునారన్నారు. ఒక్క ఛాయాచిత్రం కూడ ఊరిలో దొరకలేదు. మేము టేపు చేతపట్టుకొని ఖాళీ గోడల నడుమ నిలబడ్డాము. కొలవటానికి ఏమీ మిగలలేదు. ఆ దినం మాకు కలిగిన సిగ్గే ఈ వ్యాసానికి మూలం.

మన ఎల్గందుల కోట, జగిత్యాల కోట, నిర్మల్ కోట బురుజులు, గ్రామాలలోని పాత మసీదులు, ఆలయాలు, గడీలు, సమాధులు ఎన్ని ఉన్నాయి! వాటిలో ఎన్నింటికి కొలత పటాలున్నాయి? వాటి గోడలపై పారసీక లిపిలో ఒక శాసనం, ప్రక్కనే తెలుగులో మరొకటి కనిపించే చోట్లు కలవు. ఉర్దూ, తెలుగు రెండూ చదివే విద్యార్థులున్న కళాశాల మనది. ఈ రెండు శాసనాలనూ ఒకే నోటు పుస్తకంలో వ్రాసుకొనగలవారు మనకన్న ఎవరున్నారు?

చేతిపనుల సంగతీ అంతే. నిర్మల్ బొమ్మలకు పొనికి కర్ర కావలెను. అడవిలో ఆ చెట్టు తగ్గిపోవటం వలన కళాకారులు చిక్కులు పడుతున్నారు. కరీంనగర్ వెండితీగ పని చేసే కుటుంబాలు తగ్గుతున్నాయి. పారిస్ వారికి రెండు వేల చెట్లు, చేయి తిరిగిన వడ్రంగులు సమయానికి దొరికారు. మనకు ఆపద వచ్చిన దినాన చెట్టూ ఉండదు, చేయీ ఉండదు అనే స్థితి రాకూడదు.

కనుక మేము కళాశాల కమిటీ వారికి ఒక విన్నపం చేస్తున్నాము. ప్రతి విద్యాసంవత్సరం చరిత్ర, గణితం, ఉర్దూ, తెలుగు శాఖల విద్యార్థులు కలిసి మన చుట్టుపక్కల ఒక్క పాత కట్టడాన్ని ఎన్నుకొని, దాని యజమానుల అనుమతితో కొలిచి, పటం గీసి, ఛాయాచిత్రాలు తీసి, శాసనాలు వ్రాసుకొని, కట్టిన మేస్త్రీల సంతతివారు ఉంటే వారి మాటలు సేకరించి, ఒక దస్త్రంగా కూర్చవలెను. దానికి గ్రంథాలయంలో ఒక బీరువా చాలును. దస్త్రపు ప్రతి ఒకటి ఆ గ్రామంలో, ఒకటి మన వద్ద ఉండవలెను. ఒకేచోట ఉన్న కాగితం కూడ కాలిపోగలదు గదా! కావలసిన సరంజామా కొలత టేపులు, పటం కాగితాలు, ప్రయాణపు ఖర్చు. అంతకు మించి పెద్ద వ్యయం లేదు.

విద్యార్థి సోదర సోదరీమణులారా! అది మా గుడి కాదు, అది మా మసీదు కాదు, అది మా చర్చి కాదు అని అనుకొనవద్దు. నోత్రదామ్ కోసం 150 దేశాలవారు ధనమిచ్చారు. వారందరూ క్యాథలిక్కులే అయి ఉండరు. కొలత తీసిన టాలన్ ఆ దేశస్థుడే కాడు. చూచి, ప్రేమించి, వ్రాసి ఉంచటానికి మతం అడ్డురాదు. ఆపద ఏనాడు వస్తుందో ఎవరికీ తెలియదు. వచ్చిన తరువాత దూలాన్ని కొలవలేము, శాసనాన్ని చదవలేము. ఆ పనికి సమయం ఇప్పుడే, కట్టడం మన కళ్ల ఎదుట నిలిచి ఉండగానే. వచ్చే సంవత్సరపు ఈ సంచికలో మన మొదటి కట్టడపు పటం అచ్చు కావలెనని మా కోరిక.